మేరీ ప్రిన్స్ మాట - ఎడిటర్ కత్తెర

1831లో లండన్‌లో 'మేరీ ప్రిన్స్ చరిత్ర' అనే చిన్న పుస్తకం అచ్చయింది. బ్రిటన్‌లో వెలువడిన నల్లజాతి స్త్రీ జీవితకథల్లో ఇది మొదటిది. ఆ ఒక్క యేడాదిలోనే మూడు ముద్రణలు పొందింది. బానిసత్వ రద్దు వుద్యమ సాహిత్యంలో దీన్నొక గొప్ప సాక్ష్యంగా చెబుతారు. సాక్ష్యమే, కాదనం. కానీ ఆ మాట దగ్గరే మాకు పేచీ వుంది. సాక్షిని బోనులో నిలబెట్టి అడిగినదానికే జవాబు చెప్పమంటారు. ఏం చెప్పాలో రచయిత తానే తేల్చుకుంటుంది. మేరీని రచయితగా ఎందుకు చూడలేదన్నదే మా ప్రశ్న.

మేరీ 1788 ప్రాంతంలో బెర్ముడాలో బానిస తల్లికి పుట్టింది. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు తల్లే ముగ్గురు కూతుళ్ళను వేలానికి నడిపించుకుపోవాల్సొచ్చింది. ముగ్గురూ తలో చోటికి అమ్ముడుపోయారు. ఆ తర్వాత టర్క్స్ దీవి ఉప్పుమళ్ళు. తెల్లారుజాము నాలుగింటికే మోకాలిలోతు ఉప్పునీళ్ళలో దిగాలి. కాళ్ళకు లేచిన పుళ్ళు కొందరికి ఎముకదాకా తినేసేవి. ఆపైన ఆంటిగ్వాలో జాన్ వుడ్ అనే యజమాని. అక్కడ మొరేవియన్ క్రైస్తవ సంఘంలో చేరి చదవడం నేర్చుకుంది. 1826లో డేనియల్ జేమ్స్ అనే వడ్రంగిని పెళ్ళాడింది. అతను బానిస కాదు. పెళ్ళి చేసుకున్నందుకు యజమాని చేతిలో దెబ్బలు తింది.

1828లో వుడ్ దంపతులు ఆమెను లండన్ తీసుకొచ్చారు. మేరీ ఆ ఇల్లు వదిలి బయటికి నడిచింది. ఇంగ్లండులో వున్నంతకాలం ఆమెను బలవంతాన వెనక్కి పంపడానికి చట్టం ఒప్పుకోదు. ఆంటిగ్వాకు పోతే మళ్ళీ బానిసే. స్వేచ్ఛ ఒక ఒడ్డున, మొగుడు ఇంకో ఒడ్డున. డబ్బు తీసుకుని విడుదల చెయ్యమంటే వుడ్ ససేమిరా అన్నాడు.

బానిసత్వ వ్యతిరేక సంఘం కార్యదర్శి థామస్ ప్రింగిల్ ఇంట్లో మేరీ పనికి కుదిరింది. తన కథ రాయించాలన్న ఆలోచన మేరీదేనని ప్రింగిల్ ముందుమాటలోనే వుంది. రాసుకున్నది ఆ ఇంటికొచ్చిన అతిథి సుసానా స్ట్రిక్లాండ్. అచ్చుకు సిద్ధం చేసింది ప్రింగిల్. చెప్పిందే మళ్ళీ చెప్పిన చోట్లు తీసేశామని, ఆమె మాటల్ని వీలైనంతవరకు అలాగే వుంచామని ఆయన రాశాడు. ఏది అనవసరమో ఎవరు తేల్చారు? కడుపుకోత చెప్పుకునేవాళ్ళు ఒకే మాట పదిసార్లు అంటారు. ఆ కథల నడకే అది.

తీసేసినవి ఇంకా వున్నాయి. 1833లో వుడ్ వేసిన పరువునష్టం దావాలో మేరీ కోర్టుకొచ్చింది. పెళ్ళికి ముందు ఒక కెప్టెన్‌తో తనకున్న సంబంధం గురించి అక్కడ చెప్పింది. అదంతా రాసుకున్నావిడకు ముందే చెప్పానంది. పుస్తకంలో అది లేదు. మర్యాదస్తుల జాలి దొరకాలంటే బాధితురాలి నడతలో మచ్చ వుండకూడదు. వొంటిమీద మచ్చలు మాత్రం వుండి తీరాలి! ఆమె వీపు తాము చూశామని, దెబ్బల గుర్తులున్నాయని ప్రింగిల్ భార్య రాసిన వుత్తరాన్ని తర్వాతి ముద్రణలో చేర్చారు. నల్లమనిషి నోటిమాట చాలలేదన్నమాట. ఇక అందరికంటే క్రూరంగా హింసించిన పాత యజమానుల పేర్లనేమో ఒక్కక్షరంతో సరిపెట్టి గీత గీశారు. ఎందుకయ్యా అంటే, పేర్లు బయటపెడితే ఏ పాపం ఎరగని వాళ్ళ బంధువులు నొచ్చుకుంటారట!

ఇంత కత్తెర పడ్డా మేరీ గొంతు చావలేదు. తన కథ మధ్యలో ఆగి, గర్భిణిగా వుండి దెబ్బలు తిని చచ్చిపోయిన హెట్టీ కథ చెబుతుంది. ఉప్పుమళ్ళలో నడుం పడిపోయిన ముసలి డేనియల్ కథ చెబుతుంది. బానిసలు సుఖంగానే వున్నారనే తెల్లవాళ్ళను నిలదీస్తుంది. బానిస మనసు బానిసగా బతికినవాళ్ళే చెప్పగలరన్నది ఆమె వాదన. ఎవరి కథ ఎక్కడ చెప్పాలో ఎంచుకోవడం రచయిత పని. ఈ పుస్తకంలో ఆ పని చేసింది మేరీ.

1833లో బ్రిటిష్ పార్లమెంటు రద్దు చట్టం చేసింది. అది 1834 ఆగస్టు 1 నుంచి అమల్లోకొచ్చింది. నష్టపరిహారం రెండు కోట్ల పౌండ్లు, అదీ యజమానులకు. బానిసలకు పైసా లేదు. వాళ్ళ కన్నీళ్ళను పుస్తకాల్లో చదివిన దేశం నష్టపోయింది యజమానులేనని లెక్కగట్టింది. జాలిని న్యాయం అనుకుంటే ఇలాగే వుంటుంది.

ఈ విమర్శ మాకూ తగులుతుంది. యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాది. మా అమ్మమ్మల ముందు నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నప్పుడు మేం మేరీ పక్షానే వున్నామనుకుంటాం. కానీ కలం మా చేతిలో వుంది. అంటే మేం కూచున్నది స్ట్రిక్లాండ్ కుర్చీలో. థీసిస్‌కు పనికిరాదనో, పరువు పోతుందనో మేం కొట్టేసిన పంక్తులు ఎన్ని? మేరీని చదివాక ఆ నోటుబుక్కులు మళ్ళీ తెరవాల్సిందే. కొట్టేసిన పంక్తులు వాళ్ళకే చదివి వినిపించి, వుంచాలో తీసెయ్యాలో వాళ్ళనే అడగాలి.