పిల్లల గదిలో ఎండ

ఆ ఎండను చూడండి! కథ ఇంకా నాలుగడుగులు నడవలేదు. సంపన్నుల ఇంట్లో పిల్లల గది తలుపు తెరుచుకుంటుంది. ఖాళీ గోడలు కరిగి, వెనక్కి జరిగి, కనుచూపు మేరా ఆఫ్రికా గడ్డిమైదానం పరుచుకుంటుంది. నడినెత్తిన పసుపుపచ్చటి సూర్యుడు భగ్గుమంటాడు. పిల్లల తండ్రి జార్జ్ హ్యాడ్లీ నుదుట చెమట పడుతుంది, చదివే మన నుదుటా పడుతుంది. రే బ్రాడ్‌బరీ ‘ది వెల్ట్’ ఎన్నిసార్లు తెరిచినా మొదట నన్ను పట్టుకునేది ఆ ఎండే. యంత్రాలూ, తల్లిదండ్రులూ, మనం పిండుకునే నీతులూ ఆ తర్వాతే.

1950లో ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రికలో ఇది వేరే పేరుతో వచ్చింది. మరుసటి ఏడాది ‘ది ఇలస్ట్రేటెడ్ మ్యాన్’ సంపుటిలో చేరేసరికి ఇప్పటి పేరు కుదిరింది. అమెరికాలోనే పదిళ్లకు ఒక టీవీ ఉండీ లేని రోజులవి. అప్పుడే ఈ మహానుభావుడు గోడలన్నీ తెరలైన గదిని కట్టేశాడు! ముప్పై వేల డాలర్ల ఇల్లు. వండి పెట్టేది ఇల్లే, ఒళ్లు రుద్ది నీళ్లు పోసేది ఇల్లే, బూట్ల తాళ్లు ముడివేసేది ఇల్లే, ఊపి జోకొట్టి నిద్రపుచ్చేదీ ఇల్లే. ఇదంతా ఎలా పనిచేస్తుందన్న గొడవలోకి ఆయన పోడు. పోకపోవడమే అందం.

ఆయన చేతిలో ఉన్నవి ఇంద్రియాలు. మాడిన గడ్డి వాసన, నీటిగుంట మీంచి వచ్చే చల్లటి పచ్చి వాసన, వేటమృగాల ఒంటి వాసన, గాలిలో ఎర్రగా గుచ్చుకునే ధూళి. పైన తిరిగే రాబందు నీడ జార్జ్ ముఖం మీద ఒక్క క్షణం ఆడి పోతుంది. దూరంగా సింహాలు దేన్నో తింటున్నాయి. జీబ్రానో, జిరాఫీ పిల్లనో అని సర్దిచెబుతాడాయన. ఏదో మరి! ఆ అనిశ్చితిలోనే కథ గుండె కొట్టుకుంటోంది. అద్భుతం కళ్ల ముందు వికసిస్తుండగానే దాని అడుగున భయానకం వేళ్లూనుతుంది. ఏది ఎక్కడ ఆగిందో, ఏది ఎక్కడ మొదలైందో చెప్పలేం.

ఆ భయం కన్నా ముందు నన్ను కలచివేసేది లిడియా. తన పిల్లలకు తాను స్నానం చేయించలేని తల్లి ఆమె. యంత్రం తనకన్నా త్వరగా, తనకన్నా శుభ్రంగా చేసేస్తుంది! ఆఫ్రికాతో తానేం పోటీపడగలనన్న ఆమె దిగులులో ఎంత కరుణ! చేతికి పని లేని వాత్సల్యం నీరులేని చెరువులా నెర్రెలు విచ్చుతుంది. పిల్లలకు పీటర్, వెండీ అని బ్యారీ ‘పీటర్ పాన్’ నాటకంలోని పేర్లే పెట్టాడు బ్రాడ్‌బరీ. ఎదగనని మొండికేసిన ఆ బాలుడి పేరులో ఇక్కడ ఎంత చల్లటి క్రౌర్యం పోశాడో చూడండి. తండ్రి ఇంటిని ఆపేస్తానన్నప్పుడు పీటర్ తండ్రి కాళ్లు పట్టుకోడు. కప్పు వైపు తలెత్తి, దేవుణ్ని వేడుకున్నట్టు ఇంటినే వేడుకుంటాడు. అబ్బ, ఆ ఒక్క చూపు! కుటుంబం అక్కడే కూలిపోయింది. సింహాలు మీదపడింది తర్వాత.

ఇక ఆ కేకలు. రాత్రి పక్క మీద ఉన్న దంపతులకు పిల్లల గదిలోంచి అరుపులు వినిపిస్తాయి. ఎక్కడో విన్న గొంతుల్లా ఉన్నాయంటుంది లిడియా. అంతే, రచయిత ఆ మాటను వదిలేసి ముందుకు పోతాడు. కథ చివర, మూసుకున్న తలుపు వెనుక, ఆ గొంతులు ఎవరివో వాళ్లకు తెలుస్తుంది, వాళ్లతోపాటే మనకూ. చెప్పకుండానే స్ఫురింపజేసే ధ్వని అంటే ఇదే కదా! వాచ్యంగా ఆ చావును చూపకుండా ఒళ్లు జలదరింపజేశాడు. (ముగింపు చెప్పేశానని కోపగించకండి, తెలిసి చదివినప్పుడే దీని రుచి రెట్టింపు.)

నాకు రుచించనిది ఒక్క మనస్తత్వవేత్త మెక్లీన్ ధోరణి. మనం అప్పటికే గ్రహించినదాన్ని విప్పి చెబుతాడు. కానీ చివర అతణ్ని కూడా బ్రాడ్‌బరీ ఆ ఎండలోకే దించి, వెండీ చేత మర్యాదగా టీ తాగుతారా అని అడిగిస్తాడు. ఎంత సుకుమారమైన పలకరింపు, ఎంత ఘోరం! అద్భుతం, కరుణ, భయానకం మూడూ ఒక టీ కప్పులో!

తెరల దుష్ఫలితాలకు ఉదాహరణగా దీన్ని పాఠం చెప్పేవాళ్లు చాలామంది. చెప్పనివ్వండి, తప్పులేదు. నా మనవి మాత్రం వేరు. గంటలోపు అయిపోయే కథ. మధ్యాహ్నం పూట, ఎవరికైనా వినిపించేలా పైకి చదవండి. నీతి సంగతి తర్వాత చూసుకుందాం, ముందు ఆ గడ్డి వాసన పీల్చండి.