దశమభాగం ఉంది, పరిగె ఏదీ?

కొల్లేటి చేపల గంపను మోషే ధర్మశాస్త్రం ముందు కుమ్మరిస్తే సగం వెనక్కి పోతుంది. నీళ్ళలో తిరిగేవాటిలో రెక్కలూ పొలుసులూ ఉన్నవే తినాలంటుంది లేవీయకాండం పదకొండో అధ్యాయం. కొరమీను, శీలావతి, బొచ్చె గట్టెక్కుతాయి. ఒంటిమీద పొలుసు లేని వాలుగ, జెల్ల, మార్పు గట్టెక్కవు. రొయ్య, పీత సంగతి చెప్పనే అక్కర్లేదు. చింతలపూడి నుంచి కైకలూరు దాకా ఆదివారం ఆరాధన ముగించుకుని చేపల కొట్టు మీద పడే విశ్వాసుల్లో ఈ లెక్క చూసేవాళ్ళు అరుదు. చూడనక్కర్లేదనే బోధ. పేతురుకు ఆకాశం నుంచి దుప్పటి దిగిన దర్శనం, మార్కు సువార్త ఏడో అధ్యాయం, పౌలు పత్రికలు ఆ బోధకు ఆధారాలు. యూదుడికి ఆ ఆజ్ఞ, మనకు స్వేచ్ఛ అంటారు. సరే.

కానీ అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయం దగ్గర ఈ స్వేచ్ఛకు కంచె ఉంది. అన్యజనుల నుంచి వచ్చినవాళ్ళ మీద ధర్మశాస్త్రపు బరువు మోపకూడదని యెరూషలేములో పెద్దలు తీర్మానించారు. మోపకూడదంటూనే నాలుగింటిని మాత్రం నిలిపి ఉంచారు: విగ్రహాలకు అర్పించినవి, జారత్వం, గొంతు నులిమి చంపినవి, రక్తం. మేక నెత్తురు వేపుడును ఇష్టంగా తినే క్రైస్తవ ఇళ్ళు మన జిల్లాలో కొల్లలు. అంటే పాత నిబంధనను పక్కన పెట్టడం దగ్గర మనవాళ్ళు ఆగలేదు, కొత్త నిబంధన నిలిపి ఉంచినదాన్ని కూడా వదిలేశారు. ఈ మాట ఏ సంఘంలోనైనా ఎత్తితే నవ్వేసి ఊరుకుంటారు. దశమభాగం ఇవ్వనంటే మాత్రం ఎవరూ నవ్వరు.

నా ఫిర్యాదు తేడా ఉందని కాదు. తేడా ఉండి తీరుతుంది. రబ్బీల లెక్కలో ధర్మశాస్త్రపు ఆజ్ఞలు 613. చేయమన్నవి 248, చేయొద్దన్నవి 365. ఇవన్నీ ఇశ్రాయేలుకే గాని లోకమంతటికీ కావని యూదులే అంటారు. మిగతా మనుషులకు నోవహు సంతతిగా ఏడు నియమాలు చాలునన్నది వాళ్ళ సంప్రదాయం. కాబట్టి క్రైస్తవుడు రొయ్య తిన్నాడని యూదుడికి కోపం రాదు. నేను అడుగుతున్నది వేరు. మొత్తం కొట్టేశామన్న పుస్తకంలోంచి కొన్నిటిని మళ్ళీ ఏరి తెచ్చుకున్నప్పుడు, ఆ ఏరుడు ఎవరి చేత్తో జరిగింది?

విశ్రాంతి దినం తీసుకుందాం. నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయంలో అది ఏడో రోజు, శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకే దాకా. మన జిల్లాలో దాన్ని శనివారమే పాటించేది సెవెంత్ డే ఎడ్వెంటిస్టులు. నూజివీడు గిఫర్డ్ ఆసుపత్రి వాళ్ళదే. పంది మాంసం, పొలుసు లేని చేప కూడా వాళ్ళు ముట్టరు. మిగతా సంఘాలు దాదాపు అన్నీ ఆదివారం వైపే. క్రీస్తు లేచిన రోజు గనుక తొలి తరాల నుంచే విశ్వాసులు ఆ రోజు కూడేవారు. దాన్ని సెలవు చేసింది మాత్రం చక్రవర్తి. 321 మార్చిలో కాన్‌స్టంటైన్ శాసనం పట్టణాల్లో న్యాయాధికారులకూ చేతిపనివారికీ ఆదివారం సెలవు ఇచ్చింది. పల్లెల్లో సేద్యానికి మాత్రం మినహాయింపు, అదునులో పని ఆగకూడదని. మోషే ఆజ్ఞ దీనికి సరిగ్గా ఎదురు. దున్నే కాలంలోనూ కోత కాలంలోనూ ఆగాల్సిందేనంటుంది నిర్గమకాండం ముప్పై నాలుగు. దాసుడు, దాసి, పశువు, ఇంట్లో ఉన్న పరదేశి అందరూ ఆగాలంటుంది ద్వితీయోపదేశకాండం అయిదు. చక్రవర్తి రైతు అదును చూశాడు, మోషే కూలీ ఒళ్ళు చూశాడు.

తెలుగునేల మీద తొలి విశ్వాసులకు ఈ రెండో సంగతే బాగా అర్థమైంది. 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర బాప్తిస్మం పొందిన మాదిగలకు చెప్పింది ముఖ్యంగా మూడు మాటలు: ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. రోజు మారిందన్న మాటే గాని మూడూ హీబ్రూ లేఖనాల నుంచి వచ్చినవే. వెట్టి మనిషి వారానికి ఒక రోజు రానంటే ఊరి ఆసాములు ఊరుకోలేదు, కొట్టారు, బావులు మూయించారు. ఆ రోజుల్లో ఆజ్ఞ పాటించడానికి ఖర్చు ఉండేది, పాటించినవాడికి ఆత్మగౌరవం దక్కేది. ఈనాడు ఆదివారం పూట గంటన్నర కూర్చుని లేచి మధ్యాహ్నానికి కొట్టు తెరిచే మనకు ఆ ఖర్చు లేదు.

ఆ మాదిగ క్రైస్తవ కుటుంబాల్లోంచే కొందరు మరింత ముందుకు పోయారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యాకోబి సోదరులు షమూయేలు, సాదోకు 1991లో ప్రార్థనామందిరం పెట్టి, తాము ఎఫ్రాయీము గోత్రపువాళ్ళమన్నారు. బెనె ఎఫ్రాయీము అన్న పేరుతో శనివారం విశ్రాంతి, హీబ్రూ పండుగలు పాటిస్తున్నారు. 2013లో యులియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ళ మీద ఒక పుస్తకమే రాశారు. గోత్రం మాట చరిత్రకారులు తేల్చుకుంటారు. ఏరుకోవడం మానేసి మొత్తం పుస్తకాన్ని తలకెత్తుకోవడంలో ఒక నిజాయితీ ఉందని మాత్రం ఒప్పుకోవాలి.

మనది ఏరుడే. పది ఆజ్ఞల అంకెల్లో కూడా ఏకాభిప్రాయం లేదు. క్యాథలిక్కులకూ లూథరన్లకూ విశ్రాంతి దినం మూడో ఆజ్ఞ, సి.ఎస్.ఐ. వాళ్ళకు నాలుగోది. ప్రతిమల మాటను మొదటివాళ్ళు ఒకటో ఆజ్ఞలో కలిపేసి, ఆశించకూడదన్నదాన్ని రెండుగా చీల్చి పది సరిపెడతారు. గౌరీపట్నం నిర్మలగిరి కొండెక్కి మాతకు మొక్కేవాళ్ళను చూసి, ఇది నిర్గమకాండానికి విరుద్ధమని ప్రొటెస్టంట్ బోధకుడు గొంతు చించుకుంటాడు. అదే బోధకుడు శనివారం సంగతి అడిగితే ధర్మశాస్త్రం కొట్టివేయబడిందంటాడు. (గుణదల మాత దగ్గర మొక్కు తీర్చి తల గొరిగించుకునే భక్తుడిని కూడా వెక్కిరిస్తారు. సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలో నాజీరు తన మొక్కు ముగిశాక గుడారపు గుమ్మం దగ్గర చేసిందీ అదే.) పండుగలదీ ఇదే దారి. హోసన్నా మినిస్ట్రీస్ వారి గుడారాల పండుగకు మార్చిలో జనం వేలల్లో తరలిపోతారు. లేవీయకాండం ఇరవై మూడులో గుడారాల పండుగ ఏడో నెల పదిహేనో రోజున, మన ఆశ్వయుజం దరిదాపుల్లో. పేరు వచ్చింది, తేదీ రాలేదు.

వీటిలో ఏదీ ఎవరి కడుపూ కొట్టదు. దశమభాగం అలా కాదు. మలాకీ మూడో అధ్యాయం చదివి, పదో వంతు ఇవ్వనివాడు దేవుని దగ్గర దొంగిలించినట్టేనని పల్లె సంఘాల్లో కూడా గట్టిగా చెబుతారు. ద్వితీయోపదేశకాండం పద్నాలుగు మాత్రం ఎవరూ తెరవరు. అక్కడి పదో వంతు ధాన్యం, ద్రాక్షారసం, నూనె. ఇచ్చినవాడే ఇంటిల్లిపాదితో దేవుని సన్నిధిలో కూర్చుని తినాలి. దూరమైతే అమ్మి డబ్బు పట్టుకెళ్ళి, అక్కడ మనసైనది కొనుక్కుని తినాలి. మూడో ఏడు మాత్రం ఊళ్ళోనే ఉంచాలి, భూమి లేని లేవీయుడికీ పరదేశికీ తండ్రి లేనివాడికీ విధవరాలికీ. సంఖ్యాకాండం పద్దెనిమిదో అధ్యాయం లేవీయులకు పదో వంతు ఇమ్మంటుంది, నిజమే. ఆ లేవీయుడికి సెంటు భూమి ఉండకూడదన్నది కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. ఇశ్రాయేలు దేశం వెలుపల పంట మీద ఆ పదో వంతు తప్పనిసరి కాదని యూదులు అంటారు. డబ్బులో పదో వంతు తీసేవాళ్ళు వాడుకగా బీదలకు ఇస్తారు. ధర్మశాస్త్రం కొట్టివేయబడిందన్న మనమేమో మలాకీ పేరు చెప్పి సంఘానికి వసూలు చేస్తున్నాం.

కోతపండుగ చూడండి. ప్రథమ ఫలాలని వడ్ల బస్తాలు, కొబ్బరికాయలు, కోళ్ళు, గుమ్మడికాయలు గుడికి చేరతాయి. వేలంపాట సాగుతుంది, డబ్బు సంఘం ఖాతాకు పోతుంది. ఆ కోతకే లేవీయకాండం పంతొమ్మిది ఇంకో షరతు పెట్టింది: పొలం మూలలు కోయొద్దు, పరిగె ఏరొద్దు, రాలిన పండు తీయొద్దు, అది బీదవాడిదీ పరదేశిదీ. తాడేపల్లిగూడెం పల్లపు చేలల్లో పరిగె ఏరి కడుపు నింపుకున్నవాళ్ళ బిడ్డలే ఇవాళ చాలా సంఘాల్లో పెద్దలు. కొందరు ఇప్పుడు రైతులు కూడా. కోత యంత్రాలొచ్చాక పరిగె తగ్గిపోయింది. ఇక్కడి మెట్టలో మామిడి తోట, పామాయిల్ తోట ఉన్న విశ్వాసి రాలిన కాయ మీద ఎవరికి హక్కని ఎన్నడైనా అడిగాడా? పొద్దు గూకకముందే కూలి ఇవ్వమన్న ఆజ్ఞ (యాకోబు పత్రిక అయిదో అధ్యాయం దాన్ని మళ్ళీ గుర్తు చేసింది కూడా), బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దన్న ఆజ్ఞ, ఏడో ఏట అప్పు మాఫీ చేయమన్న ఆజ్ఞ, వీటి మీద ప్రసంగాలు ఎంత అరుదో నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పే సంఘస్థుడికి బాగా తెలుసు.

ఆ ఏరుడు ఎవరిదంటే, కానుక పుచ్చుకునే చేతిది. పుచ్చుకునేవాడికి వచ్చేవి నిలిచాయి, ఉన్నవాడు లేనివాడికి ఇవ్వాల్సినవి కొట్టివేయబడిన జాబితాలోకి పోయాయి. వేదాంతం దీన్ని నీతి ఆజ్ఞలు, ఆచార ఆజ్ఞలు, రాజ్య ఆజ్ఞలు అని మూడు పాయలు చేసి సమర్థిస్తుంది. ఆ లెక్కన చూసినా కూలి, వడ్డీ నీతి ఆజ్ఞలే అవుతాయి, దశమభాగమే ఆచారం అవుతుంది.

సంఘపెద్దలకు ఒక మనవి. ఈసారి కోతపండుగలో వేలం మొదలుపెట్టే ముందు ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం ఇరవై రెండో వచనం నుంచి చివరిదాకా అందరికీ వినబడేలా చదివించండి. ఆ తర్వాత వచ్చిన బస్తాల్లో కొన్నిటిని వేలానికి పెట్టకుండా సంఘంలోని విధవరాళ్ళ ఇళ్ళకు పంపండి.