బల్లకు ముగ్గురు

పునశ్చరణ పీరియడ్ చాలా బళ్లలో ఒకే తీరుగా నడుస్తుంది. సార్ ప్రశ్న అడుగుతారు, ముందు బెంచీలోని నలుగురు చేతులెత్తుతారు, జవాబు వస్తుంది, ఇంకో ప్రశ్న మొదలవుతుంది. క్లాసును రెండు జట్లుగా చీల్చి క్విజ్ పెట్టినా ముందుగా నోరు విప్పేది ఆ నలుగురే. గది నిండా హుషారు ఉంటుంది కానీ మిగతా ముప్పైమందికి పాఠం గుర్తు చేసుకోవాల్సిన అవసరమే రాదు.

ఈ లోపాన్ని పట్టుకుని, నియమం తర్వాత నియమం ఆలోచించి తయారుచేసిన ఆట ఒకటుంది. దాని పేరు టీమ్స్-గేమ్స్-టోర్నమెంట్. 1970ల మొదట్లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డివ్రీస్, కీత్ ఎడ్వర్డ్స్ దాన్ని రూపొందించారు. తర్వాత అక్కడే పనిచేసిన రాబర్ట్ స్లేవిన్ టీచర్లందరికీ అందేలా ప్రచారం చేశారు. కంప్యూటర్ అక్కర్లేదు, గంట అక్కర్లేదు. ప్రశ్నల కాగితం, జవాబుల కాగితం, అంకెలు రాసిన ముప్పై చీటీలు ఉంటే చాలు. అందులోని పనితనమంతా ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టారన్న దాంట్లో ఉంది.

తడలో ఒక హైస్కూలు, తొమ్మిదో తరగతి, పులికాట్ సరస్సు మీద పునశ్చరణ అనుకుందాం. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు, సరస్సు మీద వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలు, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు ఒకే గదిలో కలిసే ఊరది. టీచరు ముందుగా నలుగురేసి జట్లు కడతారు. ప్రతి జట్టులోనూ బాగా చదివేవాళ్లు ఒకరు, వెనకబడ్డవాళ్లు ఒకరు, మధ్యస్థంగా ఉండేవాళ్లు ఇద్దరు ఉంటారు. పాఠాన్ని వీళ్లు కలిసి చదువుతారు, ఒకరికి తెలియంది ఇంకొకరు చెబుతారు.

పోటీ రోజున ఆ జట్లు విడిపోతాయి. బల్లకు ముగ్గురు చొప్పున, ముగ్గురూ మూడు వేరువేరు జట్ల నుంచి వచ్చి కూర్చుంటారు. చదువులో ముగ్గురూ ఇంచుమించు సమానంగా ఉండాలి. క్లాస్ ఫస్టుకు ఎదురుగా కూర్చునేది ఇంకో జట్టులో ఫస్టు. చివరి బల్ల దగ్గర వెనకబడ్డవాళ్లకు వెనకబడ్డవాళ్లే పోటీ. ఏ బల్ల దగ్గరైనా గెలిస్తే జట్టుకు 60 పాయింట్లు, రెండో స్థానానికి 40, మూడో స్థానానికి 20. మొదటి బల్ల మీద వచ్చే 60కీ చివరి బల్ల మీద వచ్చే 60కీ విలువలో తేడా లేదు. ఎప్పుడూ చేయెత్తని పిల్లవాడు తన జట్టును గెలిపించగలడు. అందుకే వాడికి పాఠం నేర్పే శ్రద్ధ జట్టులోని తెలివైనవాళ్లకు దానంతటదే పుడుతుంది.

బల్ల దగ్గర జరిగేది చూడండి. ఒక పిల్లవాడు చీటీ తీస్తాడు. 14 వచ్చింది. కాగితంలో 14వ ప్రశ్న పైకి చదువుతాడు: ఫ్లెమింగోలకు గులాబీ రంగు ఎక్కడి నుంచి వస్తుంది? సూళ్లూరుపేటలో ఆ పక్షుల పేరుతో పండుగే జరుగుతుంది కాబట్టి పక్షి తెలుసు, రంగు సంగతే తెలియదు.

“ఎండకి” అంటాడు.

“కాదురా, అవి తినే నాచు వల్ల, చిన్న చిన్న రొయ్యల వల్ల” అంటుంది ఎడమ పక్కనున్న పిల్ల.

మూడో పిల్లవాడు తనకు వేరే జవాబు తోస్తే చెబుతాడు, లేదంటే వదిలేస్తాడు. ఆ తర్వాత జవాబుల కాగితం తెరిచి పైకి చదివేది వాడే. చీటీ ఆ పిల్లకు దక్కుతుంది. తర్వాతి వంతులో ముగ్గురి పనులూ ఒక్కో స్థానం జరుగుతాయి.

ఇక్కడే ఒక సన్నని నియమం ఉంది. ప్రశ్న చదివినవాడు తప్పు చెబితే నష్టమేమీ లేదు. ఇంకొకరి జవాబును కాదన్నవాళ్లు తప్పు చెబితే మాత్రం అంతకుముందు గెలిచిన చీటీల్లోంచి ఒకటి తిరిగి కట్టలో పెట్టాలి. వంతు వచ్చినవాడికి ధైర్యం, సవాలు చేసేవాళ్లకు జాగ్రత్త, రెండూ ఒక్క నియమంతో వచ్చాయి. వంతు తనది కాని పిల్ల కూడా ప్రతి ప్రశ్నకూ మనసులో జవాబు వెతుక్కోక తప్పదు.

ఆట ముగిశాక గెలిచినవాళ్లు పై బల్లకు, మూడో స్థానం వచ్చినవాళ్లు కింది బల్లకు మారతారు. రెండో స్థానం వాళ్లు ఉన్నచోటే ఉంటారు. మొదట టీచరు అంచనా తప్పినా రెండు మూడు పోటీల్లో అదే సర్దుకుంటుంది. ఎవరి మీదా శాశ్వతంగా ముద్ర పడదు.

జవాబు వెతుక్కోవడంలోనే అసలు లాభం. 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ విద్యార్థుల చేత రెండు వ్యాసాలు చదివించారు. ఒకదాన్ని వాళ్లు మళ్లీ చదివారు, ఇంకోదాన్ని చూడకుండా గుర్తు చేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివిన వ్యాసానిదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. గుర్తు చేసుకుని రాసిన వ్యాసం 56 శాతం జ్ఞాపకముంటే మళ్లీ చదివినది 42 శాతమే ఉంది. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అష్టావధానంలో పృచ్ఛకులు ఎన్ని అడ్డంకులు పెట్టినా, చివర్లో పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెబితేనే అవధానం పూర్తయినట్టు.

ఇంత చక్కటి చట్రాన్ని కూడా నాసి ప్రశ్నలు పాడుచేయగలవు. పులికాట్ వైశాల్యమెంత అని అడిగితే బట్టీ పట్టినవాడే గెలుస్తాడు. వానాకాలంలో సరస్సు నీళ్లలో ఉప్పు ఎందుకు తగ్గుతుందని అడిగితే కాళంగి, ఆరణి, స్వర్ణముఖి మోసుకొచ్చే మంచినీళ్లు గుర్తుకు రావాలి. ముఖద్వారం ఇసుకతో పూడితే వేట ఎందుకు పడిపోతుందని అడిగితే సముద్రపు నీటితోపాటు చేపపిల్లలు, రొయ్యపిల్లలు లోపలికి రావడం ఆగిపోతుందని చెప్పాలి. వేటకు వెళ్లే ఇంటి పిల్లవాడికి ఈ జవాబు ఇంట్లో వినేదే. వాడికి తెలిసిన సంగతి పాఠమైపోతుంది, జట్టుకు పాయింట్లూ తెస్తుంది. నియమాలు డివ్రీస్, ఎడ్వర్డ్స్ ఇచ్చారు. ఆ ముప్పై ప్రశ్నలు మాత్రం ఆ ఊరినీ ఆ పిల్లల్నీ ఎరిగిన టీచరే రాయాలి. ఒక సాయంత్రం కూర్చుని ఓపిగ్గా రాస్తే, క్లాసులో ప్రతి ఒక్కరికీ నోరు విప్పే వంతు వస్తుంది.