పటంలో లేని రంధ్రం

పాస్కల్ నియమం చెప్పిన వెంటనే ఉదాహరణగా హైడ్రాలిక్ బ్రేకు బొమ్మ వేయడం మన భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథాలలో ఆచారం. ఎడమవైపు పెడలు, మధ్య ద్రవం నిండిన గొట్టం, కుడివైపు డ్రమ్ములో రెండు షూలు. పెడలు తొక్కితే పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపించి షూలను డ్రమ్ముకు అదుముతుంది. ఇంతవరకు దోషం లేదు. కాలు తీసిన తరువాత ఏమవుతుందో మాత్రం చాలా బొమ్మలు సరిగా చూపవు. ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం.

1948లో ఇంగ్లండులో వెలువడిన మోరిస్ మైనరు కారును తీసుకుందాము. దాని ప్రధాన సిలిండరు డ్రైవరు పాదాల కింద చట్రంలో దాగి ఉంటుంది. నాలుగు చక్రాల డ్రమ్ములకూ ద్రవమార్గం ఒక్కటే. అటువంటి పాతబండిని ఎవరో శ్రమపడి బాగుచేశారనుకోండి. ఇంటి వాకిట బ్రేకులు చక్కగా పనిచేస్తాయి. కొన్ని మైళ్లు పోయేసరికి బండి బరువుగా లాగుతుంది, డ్రమ్ములు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంటాయి. కాసేపు నిలిపితే మళ్లీ మామూలే. బొమ్మను మాత్రమే చదివినవాడు షూలు బిగుసుకున్నాయని వాటిని వదులు చేస్తాడు. ఆ పూటకు బండి కదులుతుంది గాని పెడలు మరింత లోతుకు దిగుతుంది, రోగం అలాగే ఉంటుంది.

అసలు సంగతి వేరు. ప్రధాన సిలిండరులో ముషలకం విశ్రాంతిగా ఉన్నప్పుడు, దాని రబ్బరు కప్పుకు కొంచెం ముందు సన్నని రంధ్రం ఒకటి ద్రవపు తొట్టిలోకి తెరుచుకొని ఉండాలి. వేడికి వ్యాకోచించిన ద్రవానికి అదే దారి. పెడలు కడ్డీకి మెకానిక్కులు ‘ప్లే’ అనే కొద్దిపాటి వదులు లేకపోతే ముషలకం పూర్తిగా వెనక్కు రాదు, కప్పు రంధ్రాన్ని మూసే ఉంచుతుంది. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో మడ్డి కూడా దాన్ని పూడ్చవచ్చు. ద్రవాలు సులభంగా సంపీడనం చెందవని తరగతిలో గర్వంగా చెబుతాము. ఇక్కడ ఆ గుణమే శత్రువు: కొద్దిపాటి వ్యాకోచం షూలను నెడుతుంది, రాపిడికి వేడి, వేడికి మరింత వ్యాకోచం.

పరీక్ష సులభమే, డ్రమ్ములు చల్లారకముందే చేయాలి. బిగిసిన చక్రాన్ని జాకీపై ఎత్తి, మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టి, ఆ చక్రం వద్ద గాలి తీసే బ్లీడరు మరను కొద్దిగా వదలాలి. ద్రవం చిమ్మి చక్రం తిరిగితే పీడనం చిక్కుకొని ఉన్నదన్నమాట. తిరగకపోతే స్ప్రింగునో, షూలనో, తుప్పుపట్టిన చక్రపు సిలిండరునో చూడాలి. పీడనం నాలుగు చక్రాలలోనూ నిలిచి ఉంటే ప్రధాన సిలిండరును అనుమానించాలి. ఒక్క ముందు చక్రంలోనే అయితే దానికి పోయే రబ్బరు గొట్టాన్ని విప్పి చూడాలి. గొట్టం లోపల ఉబ్బితే కాలి బలం ద్రవాన్ని ముందుకు నెట్టగలదు. వెనక్కు పంపడం బలహీనమైన షూ స్ప్రింగుకు సాధ్యం కాదు.

నియమం చెప్పడానికి ఆ బొమ్మ చాలదా అని తోటి అధ్యాపకులు అంటారు. చాలును, దాని కింద ‘బ్రేకు’ అని రాయకుంటే. తొట్టికి రెండు గీతలు, రంధ్రానికి ఒక చుక్క చేర్చితే బొమ్మ పెద్దగా పెరగదు. వేడెక్కినకొద్దీ బ్రేకు ఎందుకు బిగుస్తుందని పరీక్షలో అడగడానికీ అప్పుడు వీలుంటుంది.