తల తెగినా కుబుసం వీడింది

దారంతో బిగించి కట్టడం, పదునైన కత్తితో కోయడం, మైనంతో అతకడం. కీటకాల శరీరధర్మ శాస్త్రం చాలాకాలం ఈ మూడు పనుల మీదే నడిచింది. జన్యువులను అక్షరం అక్షరంగా చదువుతున్న ఈ రోజుల్లో ఇవి మొరటుగా అనిపించవచ్చు. బతికున్న ప్రాణిని ఇంత సూటిగా ప్రశ్న అడిగే పద్ధతి మాత్రం నాకు మరొకటి కనిపించదు.

పోలండ్ శాస్త్రవేత్త స్టెఫాన్ కోపెచ్ గొంగళిపురుగు నడుముకు దారం కట్టి చూశాడు. తొందరగా కడితే ముందు సగమే ప్యూపాగా మారింది, వెనక సగం గొంగళిగానే మిగిలింది. ఆలస్యంగా కడితే రెండు సగాలూ మారాయి. మెదడు తీసేస్తే మార్పే లేదు. అంటే మెదడు నుంచి ఏదో నెత్తురులో కలిసి వెనక్కి వెళుతోంది. మెదడు హార్మోన్లు వదులుతుందంటే 1922 నాటికి నమ్మేవారు లేరు. ఆయనను 1941లో నాజీలు కాల్చి చంపారు.

ఆ పనితనాన్ని శిఖరానికి చేర్చింది ఇంగ్లండ్‌కు చెందిన విన్సెంట్ విగ్గిల్స్‌వర్త్. వైద్యం చదివి, 1926లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చేరాడు. ఆయన ఎంచుకున్న పురుగు రోడ్నియస్. దక్షిణ అమెరికాలో మనుషుల నెత్తురు తాగి చాగస్ జబ్బు అంటించే జీవి అది. ఆ ఎంపికలోనే సగం గెలుపు ఉంది. రోడ్నియస్ పిల్ల అయిదు దశలు దాటి పెద్దదవుతుంది. ఒక్కో దశకు కడుపునిండా ఒక్కసారి నెత్తురు తాగితే చాలు. తాగేదాకా కుబుసం ఊసే ఎత్తదు. తాగిన రోజు నుంచి మాత్రం లెక్క తప్పకుండా, ఇన్ని రోజులకని విడిచేస్తుంది. పైగా కీటకాలు ఒంటి పక్కలనున్న రంధ్రాలతో గాలి పీలుస్తాయి కనుక తల కోసినా వెంటనే చావవు. కోతను మైనంతో మూసిన రోడ్నియస్‌లు నెలల తరబడి బతికాయి.

నెత్తురు తాగిన వెంటనే తల తీసేసిన పురుగు కుబుసం విడవలేదు. అయిదో దశ పురుగుకు సుమారు వారం ఆగి తీస్తే, తల లేకుండానే విడిచింది. తల చెప్పాల్సిన మాట అప్పటికే ఒంటికి చేరిపోయిందన్నమాట. ఆ మాట నెత్తురులోనే ఉందని తేల్చడానికి ఆయన రెండు పురుగులను మెడల దగ్గర మైనంతో అతికాడు. రెంటి నెత్తురూ కలిసింది. కుబుసం విడిచే యోగం లేని పురుగు కూడా పక్కదానితో పాటు విడిచింది.

అసలు విశేషం ఆ తర్వాతది. కుబుసానికి సిద్ధమైన అయిదో దశ పురుగుకు అప్పుడే లోకం చూసిన మొదటి దశ పిల్లను అతికితే, ఆ చిన్నది నాలుగు దశలు దాటేసి బుల్లి పెద్దపురుగు లక్షణాలు తెచ్చుకుంది! ఎదిగే శక్తి పిల్లలో ముందునుంచీ ఉంది. దాన్ని ఏదో ఆపుతోంది. మెదడు వెనక ఉండే కార్పస్ అలాటం అనే చిన్న గ్రంథి ఆ పని చేస్తోందని 1936లో చూపించాడు. చిన్న పురుగులోని ఆ గ్రంథిని అయిదో దశ పురుగు పొట్టలో పెడితే అది పెద్దదవకుండా ఆరో దశ పిల్లగా మిగిలింది. ప్రకృతిలో ఆరో దశ అన్నదే లేదు. ఇలా బయటపడిందే జువెనైల్ హార్మోన్. తర్వాత ఆ ప్రభావమున్న పదార్థాన్నే సిరాగా వాడి, పిల్లపురుగు వీపు మీద తన పేరు పొడి అక్షరాలు రాశాడు. పెద్దయిన పురుగు ఒంటి మీద ఆ గీతల మేర పసితనపు చర్మమే మిగిలింది. ఒక్కో కణం సొంతంగా హార్మోన్ మాట వింటుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇక కుబుసాన్ని నడిపే మరో హార్మోన్ ఎక్డైసోన్‌ను బూటెనాండ్ట్, కార్ల్సన్ అనే శాస్త్రవేత్తలు 1954లో స్ఫటికాలుగా తీశారు. 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి దక్కింది 25 మిల్లీగ్రాములు. 1960లో క్లెవర్, కార్ల్సన్ దాన్ని కైరోనోమస్ అనే దోమలాంటి పురుగు పిల్లలకు ఎక్కిస్తే, క్రోమోజోముల్లో నిర్ణీత చోట్ల ఉబ్బులు లేచాయి. హార్మోన్ నేరుగా జన్యువులను మేల్కొలుపుతుందన్న ఆలోచనకు ఊతం దొరికింది అక్కడే. అణుజీవశాస్త్రం వాకిట్లోకి కీటకం అలా అడుగుపెట్టింది.

జువెనైల్ హార్మోన్‌ను కణంలో అందుకునే ప్రోటీన్ ఏదో తెలియడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. జువెనైల్ హార్మోన్‌లా పనిచేసే మెథోప్రీన్ మందును తట్టుకున్న ఈగల్లో దొరికిన ‘మెట్’ అనే జన్యువు మీద అనుమానం ఉండేది. 2007లో కోనోపోవా, యిండ్రా పిండిలో తిరిగే ఎర్ర పెంకుపురుగులో ఆ జన్యువు నోరు నొక్కారు. ఇంకా పెరగాల్సిన పిల్లలే తొందరపడి ప్యూపాలయ్యాయి. జన్యువును ఆపే పని ఇప్పుడు చాలా ప్రయోగశాలలు చేయగలవు. ఆ తొందరపాటుకు అర్థం చెప్పింది మాత్రం మైనంతో అతికిన ఆ బుల్లి రోడ్నియస్సే. పాత పనితనాన్ని పాఠ్యపుస్తకాల్లో ఒక పేరాకు కుదించడం నాకు అందుకే బాధ కలిగిస్తుంది.

ఈ హార్మోన్ల కథ మన పట్టు రైతుల దాకా వచ్చింది. హిందూపురం వైపు వాళ్లకు తెలిసిన చిక్కు ఒకటుంది. ఒకే రోజు పెట్టిన పురుగులైనా ఒకేసారి పండవు, అంటే గూడు అల్లడానికి సిద్ధం కావు. పండినవాటిని ఏరి, గూళ్లు అల్లుకునే చంద్రికల మీద వేయడానికి కూలీలు రోజంతా వంగి పనిచేయాలి. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ మొక్కల్లో దొరికే ఎక్డైసోన్ లాంటి పదార్థంతో ‘సంపూర్ణ’ అనే మందును తయారుచేసింది. కొన్ని పురుగులు పండడం మొదలయ్యాక దాన్ని మల్బరీ ఆకు మీద చల్లి మేపితే మిగిలినవీ వెనువెంటనే పండి గూడు అల్లడానికి ఎక్కుతాయి. వేళ మాత్రం తప్పకూడదు. ముందే చల్లితే పురుగు తినాల్సిన ఆకు తినదు, గూడు బరువు తగ్గుతుంది.