చిత్రం, రచన, సంగీతం, గానం

మా పెదనాయన రేడియో బ్యాటరీలు ఎండబెట్టేవాడు. నెల్లూరు తీరంలోని మా ఇస్కపల్లిలో వడియాలు ఎండబెట్టే ఇళ్లే అన్నీ. మా ఇంటి పెంకుల మీద మాత్రం వడియాల పక్కన నాలుగు బ్యాటరీలు కూడా ఉండేవి. నీరసపడ్డ బ్యాటరీ ఎండకు కాస్త ప్రాణం పోసుకుంటుంది. కొత్తవి కొనాలంటే అల్లూరు పోవాలి, చేతిలో డబ్బుండాలి. అందుకే ఆ ప్రాణాన్ని పొదుపుగా వాడేవాడు. వార్తలకు కొంచెం, వాయుగుండం కబురుకు కొంచెం. మిగిలిందంతా సముద్రం అవతలి రేడియో సిలోన్ తెలుగు పాటలకే.

ఆ వేళకు ఇంటి అరుగు నిండిపోయేది. ఉప్పు మళ్ల నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోకుండానే కూర్చునేవాళ్లు. పెదనాయన చెవి రేడియోకి ఆనించి, ముల్లును వెంట్రుకవాసి చొప్పున జరిపేవాడు. గరగర, ఈల, ఏదో తెలియని భాష, మళ్లీ గరగర. అందులోంచి ఉన్నట్టుండి ఒక ఆడగొంతు తేటగా తేలేది. "అబ్బయ్యా, ఇంక ముల్లు కదిలించబాక!" అని అరుగంతా ఒక్కసారి అరిచేది.

ఆ గొంతు మీనాక్షి పొన్నుదురై గారిది.

ఆమె ముఖం నేను ఎన్నడూ చూడలేదు. చూడాలని అనిపించనూ లేదు. ఆ పలకరింపులో మన ఇంటి ఆడబిడ్డ సముద్రం అవతలికి కాపురానికి పోయి, అక్కడినుంచి పుట్టింటిని తలుచుకుంటున్నట్టు ఉండేది. తొందర లేదు, ఒలకబోత లేదు. పాటకు ముందు నాలుగు సంగతులు చెప్పేవారు: చిత్రం, రచన, సంగీతం, గానం. నాకు తెలిసిన పాటల చదువంతా ఆ నాలుగు మాటల బడిలో నేర్చుకున్నదే.

సిలోన్ కథ క్లుప్తంగా చెబుతాను. కొలంబోలో 1925లోనే రేడియో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాల సైన్యం అక్కడ నెలకొల్పిన బలమైన ట్రాన్స్‌మిటర్, యుద్ధం అయ్యాక ఆ దేశానికి దక్కింది. మన దగ్గర 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార మంత్రి అయ్యారు. ఆయనకు సినిమా పాట గిట్టదు. ఆకాశవాణిలో సినిమా పాట కరువైంది. సరిగ్గా ఆ ఏడే సిలోన్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా అనే పాటల కార్యక్రమం మొదలుపెట్టారు. దేశమంతా అటు తిరిగింది. 1957 అక్టోబరులో ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటిచ్చే వివిధభారతి పుట్టిందంటే ఆ పుణ్యం సిలోన్‌దే. వివిధభారతి అభిమానులు నా మీద కోపం తెచ్చుకున్నా సరే, ఈ మాట వెనక్కి తీసుకోను.

మా తీరానికి సిలోన్ అంత దగ్గరగా ఎందుకు అనిపించేదో పెద్దయ్యాక పటం చూస్తే తెలిసింది. నెల్లూరు, కొలంబో దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. 80 డిగ్రీల గీతకు రెండూ ఆనుకునే ఉంటాయి. నెల్లూరు నుంచి నేరుగా దక్షిణానికి గీత గీస్తే, ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో కొలంబో తగులుతుంది. మీడియం వేవ్ తరంగం నేల మీద కంటే ఉప్పునీటి మీద ఎక్కువ దూరం చెక్కుచెదరకుండా పోతుంది. షార్ట్‌వేవ్ తరంగమైతే ఆకాశంలో ఎంతో ఎత్తున ఉండే అయనోస్ఫియర్ పొరకు తగిలి మళ్లీ నేలకు దిగుతుంది. ఈ శాస్త్రం తెలియని, చేపలు పట్టే మా పట్టపోళ్లు మాత్రం "సముద్రం మీద గాలి బాగుంటే సిలోన్ బాగా పలుకుద్ది" అనేవాళ్లు.

ఇక మీనాక్షి గారి గొంతు వెనకున్న విద్య సంగతి. పాటకు ముందు మాట చెప్పడం ఒక విద్య అని ఇవాళ చాలామందికి తెలియదు. దూరపు స్టేషన్ గొంతు ఒక్క తీరుగా రాదు. అలలా లేస్తుంది, పడుతుంది. లేచినప్పుడు పలికిన మాట దక్కుతుంది, పడినప్పుడు పలికినది పోతుంది. ముందుగా పోయేవి స, శ, ఫ లాంటి ఊదుడు అక్షరాలు. అవి గరగరలో కలిసిపోతాయి. కాబట్టి చెప్పేవాళ్లు అచ్చులను నిండుగా సాగదీయాలి, పేరుకూ పేరుకూ మధ్య ఒక ఊపిరి వదలాలి. మైకుకు ఎదురుగా నోరు పెట్టి ప, బ పలికితే గాలి దబ్బుమని కొడుతుంది గనక ముఖం ఒక పక్కకు తిప్పి పలకాలి. పాటకు ముందు చెప్పిన చిత్రం పేరు పాట అయ్యాక మరోసారి చెప్పాలి. మొదటిసారి అలలో కొట్టుకుపోయిన పేరు రెండోసారి ఒడ్డుకు చేరుతుంది. ఈ రెండోసారి చెప్పడాన్ని చాదస్తం అనుకునేవాళ్లు ఎన్నడూ దూరపు స్టేషన్ పట్టుకుని ఉండరు.

చేతిపని కూడా ఉంది. నిమిషానికి 78 తిరుగుళ్ల రికార్డు ఒక పక్క మూడు నిమిషాలు, ఆ పైన కాస్త. రికార్డు మీద పాట మొదలయ్యే గాడిలో సూది పెట్టి, తొలి స్వరం వినబడగానే ఆపి, అర చుట్టు వెనక్కి తిప్పి సిద్ధంగా ఉంచాలి. వ్యాఖ్యాత ఆఖరి మాట ముగియడం, తొలి స్వరం లేవడం మధ్య రెప్పపాటు సందు ఉండాలి. ఆ సందు పెరిగితే విన్నవాడు స్టేషన్ పోయిందనుకుని ముల్లు తిప్పేస్తాడు, తరిగితే మాట పాట మీద పడుతుంది. పల్లవికి ముందు వచ్చే వాద్యాల మీద మాట్లాడవచ్చు గానీ, గాయకుడు నోరు తెరిచేలోగా ఆగిపోవాలి. చేయి తిరిగినవాళ్లకు ఏ పాటకు ఎన్ని క్షణాల వాద్యం ఉందో కంఠతా వస్తుంది.

అన్నిటికంటే కష్టమైనది ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చదవడం. పాట కోరుతూ మేం రాసిన ఉత్తరం ఒకరోజు చదివారు. "ఇస్కపల్లి" అని కొలంబో నుంచి వినబడింది. రైలు ఆగని మా ఊరి పేరు! బస్సు బోర్డు మీద కూడా తప్పుగా రాసే మా ఊరి పేరు! పెదనాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఏ పాట వేశారో మాలో ఒక్కరికీ గుర్తులేదు.

ఆ నాలుగు మాటల విలువ నెల్లూరు వాళ్లకు ఇంకా బాగా తెలియాలి. ఆచార్య ఆత్రేయ 1921లో సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టారు. హరికథలు చెప్పే సాంబమూర్తి గారి అబ్బాయి బాలు నెల్లూరు వీధుల్లో తిరిగి, 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం తొలి పాట పాడాడు. 1978లో 'మరోచరిత్ర' వచ్చింది. ఆ పాటలు రేడియోలో వేసేటప్పుడు రచన ఆత్రేయ, సంగీతం ఎమ్మెస్ విశ్వనాథన్, గానం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అని చెప్పేవారు. అందులో రెండు పేర్లు మావే! రచన ఎవరిదో చెప్పే ఆ మర్యాద లేకపోతే, 'మూగమనసులు', 'ప్రేమ్‌నగర్' పాటలు పాడుకునే మా అరుగుకు వాటిలో ఎక్కువ రాసింది మా జిల్లావాడేనని ఎవరు చెప్పేవారు?

సిలోన్ మీద ఎంత మమకారం ఉన్నా, మన వాళ్లను మరిచిపోతే పాపం. బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1941లో మద్రాసు కేంద్రంలో చేరి, తర్వాత విజయవాడలో 'భక్తిరంజని'తో తెలుగువాళ్ల తెల్లవారుజాముకే ఒక రాగం కట్టారు. 1947 ఆగస్టు 15 తొలి గడియల్లో మద్రాసు నుంచి టంగుటూరి సూర్యకుమారి పాడిన పాట ఆయనదే. ఉషశ్రీ గారు రామాయణం చెబుతుంటే ఆదివారం మధ్యాహ్నం వీధుల్లో మనిషి కనబడేవాడు కాదని మా పెద్దలు అంటారు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి పిల్లల చేత మైకు ముందు మాట్లాడించారు. వీళ్లలో ఎవ్వరూ అరవలేదు. వినేవాడు తమకంటే తక్కువవాడని ఎన్నడూ అనుకోలేదు.

ఇది మన ఒక్కరి కథే కాదు. జమైకా దీవిలో కుర్రాళ్లు న్యూ ఆర్లీన్స్, మయామీ స్టేషన్లను సముద్రం మీదుగా పట్టుకుని వినేవాళ్లు. ఆ వినికిడిలోంచి స్కా, దానిలోంచి రెగే పుట్టాయి. అయినా సొంత రేడియోలో సొంత పాటకు పీట లేదు. 1970ల్లో ఆ దేశపు ప్రసార సంస్థలో ఇంజనీరుగా ఉన్న మైకీ డ్రెడ్ అర్ధరాత్రి కార్యక్రమం పట్టి, జమైకా పాటలు మాత్రమే వేశాడు. పేదవాడల పాటను దీవంతా మేలుకుని విన్నది. మంత్రులు చిన్నచూపు చూసిన పాటను నెత్తిన పెట్టుకుని జనం దగ్గరికి తెచ్చినవాళ్లు ఎక్కడున్నా మా మీనాక్షి గారికి చుట్టాలే.

ఇప్పటి సంగతి చెప్పాలంటే కడుపు మండుతోంది. మొన్న కారులో పోతూ ఒక ఎఫ్‌ఎం పెట్టాను. పల్లవి అందుకోకముందే ఒకబ్బాయి కేకలు, చరణం మధ్యలో బంగారు కొట్టు ప్రకటన, రెండో చరణం రాకముందే కోత. పాట ఎవరు రాశారో చెప్పలేదు, బాణీ ఎవరిదో చెప్పలేదు. హీరో పేరు మాత్రం మూడుసార్లు చెప్పాడు. రాసినవాడి పేరు మింగేసి పాటను అమ్ముకోవడం పంట తీసుకుని రైతును గేటు బయట నిలబెట్టడం లాంటిదే. ఫోన్లో వినే పాటల సంగతీ అంతే. పక్కన సినిమా బొమ్మ ఉంటుంది, కవి పేరు కోసం వేలు అరిగేలా వెతకాలి. ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే, ఒక గొంతు అంత దూరం నడిచి వచ్చేదన్న సంగతే పిల్లలకు తెలియకుండా పోతోంది.

రేడియోలో పనిచేసే తమ్ముళ్లను, చెల్లెళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను. మీకు పాత గొంతులు రానక్కరలేదు, మీ గొంతుతోనే మాట్లాడండి. ప్రతి పాటకూ ఆ నాలుగు సంగతులు చెప్పండి, పది క్షణాలు చాలు. గాయకుడు నోరు తెరిచాక మీరు ఆగండి. ఊరి పేరు చదివేముందు ఆ ఊరివాళ్లు దాన్ని ఎలా పలుకుతారో కనుక్కోండి. ఇళ్లలో ఎవరి దగ్గరైనా ఆ రోజుల టేపులుంటే, బూజు పట్టేలోగా కంప్యూటర్‌లోకి ఎక్కించి దాచండి. మీనాక్షి గారి గొంతు ఉన్న టేపు ఎవరి దగ్గర ఉన్నా అది మా తీరం ఆస్తి.

పెదనాయన రేడియో ఇప్పుడు నా దగ్గరుంది. ముల్లు ఆయన ఆపిన చోటే ఉంది. మా పిల్లలు తిప్పబోతే నా నోట ఆ అరుగు మాటే వస్తుంది: కదిలించబాక.