నొప్పి లేని మెలకువ

ఆపరేషన్‌కు బిడ్డను నిద్రపుచ్చడం మత్తు డాక్టర్ పనిలో సగమే. కళ్లు తెరిచాక ఆ బిడ్డ ఎలా ఉంటుందన్నది మిగతా సగం. దివిసీమ నుంచి, కైకలూరు నుంచి హెర్నియాతోనో వరిబీజంతోనో ఉన్న పిల్లల్ని ఎత్తుకుని విజయవాడ సూర్యారావుపేటకు వస్తారు. వాళ్లలో చాలామందికి ఆ రెండో సగాన్ని చూసుకునేది ఒక్క సూది. నడుము కింది నరాలను కాసేపు మొద్దుబార్చే ఆ సూదిని కాడల్ బ్లాక్ అంటాం.

బిడ్డ పూర్తిగా నిద్రపోయాక పక్కకు తిప్పి పడుకోబెడతాం. ముడ్డిపూసకు కాస్త పైన రెండు చిన్న ఎముక బొడిపెలు వేలికి తగులుతాయి. వాటి మధ్య పల్చటి పొర. సూది దాన్ని దాటిన క్షణం చేతికి తెలుస్తుంది. అక్కడే ఆగాలి. పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి నడుము పూస దగ్గర ముగుస్తుంది. పుట్టిన బిడ్డలో మూడో పూస దాకా దిగి ఉంటుంది. దాన్ని కప్పిన సంచి ఇంకా కిందికి వస్తుంది. సిరంజిని వెనక్కి లాగి, రక్తం గానీ వెన్నునీరు గానీ రాలేదని చూశాకే మందు ఎక్కిస్తాం.

మందు బ్యూపివకెయిన్. 0.25 శాతం ద్రావణంలో మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది. కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు దాటనివ్వం. 10 కిలోల బిడ్డకు 10 మిల్లీలీటర్లే హద్దు. నెలల పిల్లలకు ఇంకా తగ్గిస్తాం. మోతాదు మించితే గుండె లయ తప్పొచ్చు. అందుకే బిడ్డ బరువు ఎవరు చెప్పినా నమ్మను, తూకం మీద నేనే చూసుకుంటాను.

"నడుముకి సూది వెయ్యకండి డాక్టరు గారూ, ఆడపిల్ల, రేపు నడుం నొప్పి పట్టుకుంటే ఎలాగండీ?" అని అమ్మమ్మలు అడుగుతారు. ప్రేమ కొద్దీ పుట్టిన ఆ భయానికి ఓపిగ్గా జవాబు చెప్పాలి. అమెరికా ఆసుపత్రుల్లో పిల్లలకు ఇచ్చిన లక్షకు పైగా బ్లాకుల లెక్క 2018లో వెలువడింది. వాటిలో ఎక్కువ భాగం పిల్లలు మత్తులో ఉండగా ఇచ్చినవే. నరం శాశ్వతంగా దెబ్బతిన్న బిడ్డ ఒక్కరూ లేరు.

పసికందులకు నొప్పి అంతగా తెలియదని 1980ల దాకా పెద్ద పెద్ద ఆసుపత్రులే నమ్మాయి. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన మన దేశపు వైద్యుడు కె.జె.ఎస్. ఆనంద్, ఆపరేషన్‌లో నొప్పి మందు అందిన నెలలు నిండని శిశువుల ఒంట్లో ఒత్తిడి బాగా తగ్గిందనీ, తర్వాతి చిక్కులూ తగ్గాయనీ 1987లో చూపారు. ఆ తర్వాత పసికందుల నొప్పిని పట్టించుకోకపోవడానికి మా వృత్తిలో ఎవరికీ సాకు మిగల్లేదు.

కాడల్‌కు ఖరీదైన యంత్రం తప్పనిసరి కాదు. నేర్చిన చేయి, సరైన లెక్క, ప్రమాదం వస్తే ఆదుకునే మందులు, బిడ్డను కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. మందు నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది. అంతసేపూ కాళ్లు బరువుగా ఉండొచ్చు కనుక బిడ్డను ఒంటరిగా నడవనివ్వకండి. మందు దిగకముందే నొప్పికి సిరప్ పట్టండి.

ఆపరేషన్‌కు సంతకం పెట్టేముందు మత్తు డాక్టర్‌ను ఒక్కమాట అడగండి: "లేచాక నొప్పికి ఏం చేస్తారండీ?" ఆ ప్రశ్న అడిగే హక్కు మీది. నొప్పి లేకుండా లేచే హక్కు మీ బిడ్డది.